భూసమీప గ్రహశకలాల పరిశీలన

సూర్యుని చుట్టూ తిరుగుతూ భూకక్ష్యకు దగ్గరగా వచ్చే చిన్న శిలారూప ఖగోళ వస్తువులను భూసమీప గ్రహశకలాలు అంటారు. వీటిలో ఒకటి భూమి పక్కగా సాగిపోవడాన్ని సమీపయానం అంటారు. సమీపయాన సమయంలో గ్రహశకలం స్థానాన్ని, కాంతిని, వేగాన్ని కొలవడమే భూసమీప గ్రహశకలాల పరిశీలన. పెద్ద వేధశాలలతో పాటు, సొంత దూరదర్శినులు గల ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు కూడా ఈ పనిలో పాలు పంచుకుంటున్నారు. గ్రహశకలాన్ని చూడడం ఒక ఎత్తు, చూసిన చోటును, క్షణాన్ని సరిగా నమోదు చేయడం మరొక ఎత్తు. శాస్త్రానికి ఉపయోగపడేది రెండవదే. 2013 ఫిబ్రవరిలో 2012 డీఏ14 అనే గ్రహశకలం హిందూ మహాసముద్రం మీదుగా సాగినపుడు ఆంధ్ర తీరం దాని పరిశీలనకు అనువైన ప్రాంతాలలో ఒకటి. 2029 ఏప్రిల్ 13 రాత్రి అపోఫిస్ గ్రహశకలం కోనసీమలోని దిండి వంటి ప్రదేశాల నుండి, ఆకాశం నిర్మలంగా ఉంటే, కంటికే కనిపించే అవకాశం ఉన్నది.

నిర్వచనం మరియు వర్గీకరణ

భూమికి, సూర్యునికి మధ్య సగటు దూరాన్ని (సుమారు 15 కోట్ల కిలోమీటర్లు) ఒక ఖగోళ ప్రమాణంగా తీసుకుంటారు. ఒక గ్రహశకలం తన కక్ష్యలో సూర్యునికి 1.3 ఖగోళ ప్రమాణాల కన్నా దగ్గరకు వస్తే దానిని భూసమీప గ్రహశకలంగా పరిగణిస్తారు. కక్ష్య స్వరూపాన్ని బట్టి వీటిని నాలుగు వర్గాలుగా విభజించారు.

* అమోర్ వర్గం: భూకక్ష్యకు వెలుపలి నుండి దగ్గరగా వస్తాయి కాని దానిని దాటవు.
* అపోలో వర్గం: భూకక్ష్యను దాటుతాయి. సూర్యుని చుట్టూ తిరగడానికి ఏడాది కన్నా ఎక్కువ కాలం పడుతుంది.
* అటెన్ వర్గం: భూకక్ష్యను దాటుతాయి. ఏడాది కన్నా తక్కువ కాలంలో ఒక చుట్టు పూర్తి చేస్తాయి.
* అటిరా వర్గం: పూర్తిగా భూకక్ష్య లోపలనే తిరుగుతాయి.

కక్ష్య భూకక్ష్యకు 0.05 ఖగోళ ప్రమాణాల (సుమారు 75 లక్షల కి.మీ.) లోపు దగ్గరకు వచ్చి, సుమారు 140 మీటర్లు లేదా అంతకు మించిన పరిమాణం ఉన్నవాటిని ప్రమాదకారక అవకాశం గల గ్రహశకలాలు అంటారు. ఇది జాగ్రత్తగా గమనించవలసిన వస్తువుల జాబితా మాత్రమే. ఈ జాబితాలో ఉన్నంత మాత్రాన భూమిని ఢీకొంటుందని అర్థం కాదు.

మొట్టమొదటి గ్రహశకలమైన సిరీస్‌ను 1801 జనవరి 1న పియాజ్జీ కనుగొన్నాడు. భూసమీప వర్గానికి చెందిన మొదటి గ్రహశకలం ఈరోస్. దీనిని 1898 ఆగస్టు 13న బెర్లిన్‌లో గుస్తావ్ విట్ గుర్తించాడు. 2025 చివరి నాటికి తెలిసిన భూసమీప గ్రహశకలాల సంఖ్య 40,000 దాటింది.

పేర్లు

కొత్తగా కనుగొన్న గ్రహశకలానికి మొదట తాత్కాలిక నామం ఇస్తారు. ఇందులో సంవత్సరం, దాని తరువాత రెండు ఆంగ్ల అక్షరాలు, ఒక అంకె ఉంటాయి. మొదటి అక్షరం ఏడాదిలోని పక్షాన్ని తెలుపుతుంది. రెండవ అక్షరం, అంకె కలిసి ఆ పక్షంలో అది ఎన్నవదో తెలుపుతాయి. ఉదాహరణకు 2012 డీఏ14 అంటే 2012 ఫిబ్రవరి రెండవ సగంలో నమోదైన 351వ వస్తువు. కక్ష్య ఖచ్చితంగా తేలిన తరువాత వరుస సంఖ్య, ఆపై శాశ్వత నామం లభిస్తాయి. 2012 డీఏ14కు 367943 అనే సంఖ్య, స్పెయిన్ ప్రాంతపు జానపద కథలలోని ఒక చిన్న భూతం పేరైన డుయెండె అనే నామం ఇచ్చారు.

ఔత్సాహికుల పాత్ర

ఆకాశాన్ని రాత్రికి రాత్రి జల్లెడ పట్టి కొత్త గ్రహశకలాలను వెదికే పని నేడు అధిక భాగం కెటలీనా, పాన్‌స్టార్స్, అట్లాస్ వంటి పెద్ద పథకాల చేతిలో ఉన్నది. కనుగొన్న తరువాతి పని వేరు. కొత్త వస్తువును మొదటి కొన్ని గంటలలో, కొన్ని రోజులలో పదేపదే కొలవకపోతే దాని కక్ష్య తేలదు, అది మళ్ళీ కనిపించకుండా పోవచ్చు. ఒక దేశంలో పగలు లేదా మబ్బు ఉన్నపుడు మరొక దేశంలో రాత్రి, నిర్మలాకాశం ఉంటాయి. అందువలన భూగోళమంతా వ్యాపించి ఉన్న చిన్న పరిశీలకులకు ఈ దశలో ప్రాధాన్యత ఎక్కువ.

ఈ కొలతలన్నీ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జిలో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరుతాయి. పరిశీలకుడు తెలిసిన గ్రహశకలాలను కొన్ని రాత్రులు కొలిచి పంపి, తన కొలతలు నమ్మదగినవని నిరూపించుకుంటే ఆ స్థలానికి ఒక వేధశాల సంకేతం కేటాయిస్తారు. ఇంటి డాబా మీది దూరదర్శినికైనా ఈ సంకేతం లభించవచ్చు. దీనికి వృత్తి, పట్టా అవసరం లేదు.

2008 అక్టోబరు 6న కనుగొన్న 2008 టీసీ3 అనే సుమారు నాలుగు మీటర్ల శకలం మరునాడు సూడాన్ ఉత్తర భాగంలోని నూబియా ఎడారిపై వాతావరణంలో పేలిపోయింది. భూమిని తాకక ముందే గుర్తించబడిన మొదటి వస్తువు ఇదే. మధ్యలో ఉన్న ఒక్క రోజు లోపలనే వృత్తి పరిశీలకులు, ఔత్సాహికులు కలిసి వందల కొలతలు పంపారు. వాటి వలన పడే చోటు ముందుగా తెలిసి, ఖార్టూమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎడారిలో వెదికి ఉల్కాశిలలను సేకరించగలిగారు.

2020 ఆగస్టు 16న దక్షిణ హిందూ మహాసముద్రం మీదుగా కేవలం 2,950 కి.మీ. ఎత్తున సాగిపోయిన 2020 క్యూజీ అనే చిన్న శకలాన్ని అమెరికాలోని జ్విక్కీ సర్వే చిత్రాలలో గుర్తించినవారు ఐఐటీ బొంబాయి విద్యార్థులు. భారతదేశంలోని పాఠశాల, కళాశాల విద్యార్థులు పెద్ద దూరదర్శినుల చిత్రాలను కంప్యూటరుపై పరిశీలించి గ్రహశకలాలను వెదికే అంతర్జాతీయ కార్యక్రమాలలో కూడా పాల్గొంటున్నారు.

2012 డీఏ14 సమీపయానం

ఈ గ్రహశకలం ఔత్సాహికుల కృషికి మంచి ఉదాహరణ. 2012 ఫిబ్రవరి 23న స్పెయిన్ దేశపు గ్రనడా ప్రాంతంలోని లా సాగ్రా వేధశాల బృందం దీనిని కనుగొన్నది. ఆ బృందంలోని జౌమె నోమెన్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. వేగంగా చిత్రాలు తీయగల కెమెరాను వారు ప్లానెటరీ సొసైటీ ఇచ్చిన షూమేకర్ గ్రాంటుతో సమకూర్చుకున్నారు. కనుగొనే నాటికి ఆ శకలం భూమికి దగ్గరగా వచ్చి దూరమవుతూ ఉన్నది. తరువాతి ఏడాది అది మరింత సమీపానికి వస్తుందని లెక్కలలో తేలింది.

2013 ఫిబ్రవరి 15న సార్వత్రిక కాలం ప్రకారం 19 గంటల 25 నిమిషాలకు, అనగా భారత కాలమానం ప్రకారం ఫిబ్రవరి 16 తెల్లవారితే అర్ధరాత్రి దాటి 12 గంటల 55 నిమిషాలకు, ఇది భూమి ఉపరితలానికి సుమారు 27,700 కి.మీ. దూరంలో సాగిపోయింది. సమాచార ఉపగ్రహాలు తిరిగే 35,786 కి.మీ. ఎత్తు కన్నా ఇది తక్కువ. ఆ క్షణాన అది సుమత్రా దీవికి సమీపంలో హిందూ మహాసముద్రంపై ఉన్నది. అందువలన ఆసియా, ఆస్ట్రేలియా ఖండాల వారికి ఇది రాత్రి ఆకాశంలో లభించింది. ఆంధ్ర తీరం నుండి చూసేవారికి దాని స్థానం ఆగ్నేయ దిశలో, ఆకాశంలో సగానికి పైబడిన ఎత్తులో ఉన్నది. అక్కడి నుండి అది వేగంగా ఉత్తరానికి సాగింది.

దీని ప్రకాశం గరిష్ఠంగా ఏడవ పరిమాణానికి దగ్గరగా ఉన్నది. కంటికి కనిపించే హద్దు ఆరవ పరిమాణం కనుక బైనాక్యులర్లు తప్పనిసరి అయినవి. నక్షత్రాల మధ్య ఇది నిమిషానికి సుమారు 0.8 డిగ్రీల వేగంతో కదిలింది. అంటే పూర్ణచంద్రుని వెడల్పును నలభై సెకన్ల లోపే దాటింది. దూరదర్శినిని దాని వెంట తిప్పడం కష్టం. అది రాబోయే నక్షత్రాన్ని ముందుగా ఎంచుకొని, అక్కడ దూరదర్శినిని నిలిపి వేచి ఉండడమే సరియైన పద్ధతి.

గోల్డ్‌స్టోన్ రాడార్ పరిశీలనలలో ఇది సుమారు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల దీర్ఘాకార శిల అని తేలింది. భూమి ఆకర్షణ వలన దీని కక్ష్యాకాలం 368 రోజుల నుండి 317 రోజులకు తగ్గి, ఇది అపోలో వర్గం నుండి అటెన్ వర్గానికి మారింది.

అదే రోజున, సమీపయానానికి సుమారు 16 గంటల ముందు, రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరంపై సుమారు 20 మీటర్ల వేరొక శకలం పేలింది. దాదాపు 1,500 మంది గాయపడ్డారు. అధిక భాగం గాయాలు పగిలిన కిటికీ అద్దాల వలన కలిగినవే. రెండు శకలాలకూ సంబంధం లేదు. ఎదురు చూసిన దానికి ఏడాది ముందుగానే లెక్క కట్టగలిగారు. చెల్యాబిన్స్క్ శకలం సూర్యుని దిశ నుండి రావడం వలన ఎవరి దృష్టికీ రాలేదు.

పరిశీలనా విధానం

స్థలానికి తగిన సూచిక

దూరపు గ్రహాలు, నక్షత్రాలు హైదరాబాదు నుండి చూసినా దిండి నుండి చూసినా ఒకే స్థానంలో ఉన్నట్లు కనిపిస్తాయి. దగ్గరగా వచ్చిన గ్రహశకలం అలా కాదు. పరిశీలకుడు మారితే నక్షత్రాల మధ్య దాని స్థానం మారుతుంది. దీనిని పారలాక్స్ అని, భారతీయ జ్యోతిశ్శాస్త్రంలో లంబనం అని అంటారు. చేతివేలిని ముఖానికి ఎదురుగా పట్టుకొని ఒక్కొక్క కన్నూ మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్లు కనిపించడం ఇటువంటిదే.

హైదరాబాదు నుండి దిండికి నేరుగా సుమారు 370 కి.మీ. దూరం. గ్రహశకలం 29,000 కి.మీ. దూరంలో ఉంటే ఈ రెండు చోట్ల నుండి కనిపించే స్థానాల మధ్య గరిష్ఠంగా ముప్పాతిక డిగ్రీ వరకు తేడా రాగలదు. ఇది పూర్ణచంద్రుని వెడల్పు కన్నా ఎక్కువ. హైదరాబాదుకు లెక్క కట్టిన సూచికతో కోనసీమలో దూరదర్శినిని నిలిపితే గ్రహశకలం దృష్టిక్షేత్రం బయటి నుండే వెళ్ళిపోవచ్చు. కనుక పరిశీలకుడు తన అక్షాంశ రేఖాంశాలను, సముద్రమట్టం నుండి ఎత్తును ఇచ్చి ఆ స్థలానికే సూచికను తయారు చేసుకోవలెను. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వారి హొరైజన్స్ వ్యవస్థ, మైనర్ ప్లానెట్ సెంటర్ ఈ సూచికలను ఉచితంగా అందిస్తాయి. వాటిలో కాలం సార్వత్రిక కాలమానంలో ఉంటుంది. భారత కాలమానం కొరకు దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. ఇలా కలిపినపుడు తేదీ మారవచ్చు. ఈ మార్పును మరచినవారు ఒక రాత్రి ముందుగానే ఆకాశం వైపు చూస్తారు.

కాల నమోదు

2012 డీఏ14 వంటి శకలం ఒక సెకనుకు సుమారు 48 వికలలు (ఒక డిగ్రీలో 3,600వ భాగం ఒక వికల) కదులుతుంది. చిత్రం తీసిన కాలంలో ఒక సెకను పొరపాటు ఉంటే స్థానంలో 48 వికలల పొరపాటు ఉన్నట్లే. మంచి కొలతలో ఒకటి రెండు వికలలకు మించి తప్పు ఉండకూడదు. కనుక చేతిగడియారం చాలదు. జీపీఎస్ సంకేతాల నుండి గాని, ఇంటర్నెట్ కాలసేవల నుండి గాని కంప్యూటరు గడియారాన్ని సరిచేసుకొని, ప్రతి చిత్రం ప్రారంభ సమయాన్ని, ఎంతసేపు కాంతిని గ్రహించినదీ నమోదు చేస్తారు.

పరికరాలు

* బైనాక్యులర్లు: 50 మి.మీ. కటకాలు గలవి ఏడవ, ఎనిమిదవ పరిమాణపు వస్తువులకు సరిపోతాయి. స్టాండుపై అమర్చాలి.
* కెమెరా: సాధారణ డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాతో కొన్ని సెకన్ల చిత్రం తీస్తే నక్షత్రాలు చుక్కలుగా, వేగంగా కదిలే శకలం గీతగా పడుతుంది. గీత రెండు కొనలు చిత్రం మొదలైన, ముగిసిన క్షణాలకు గుర్తులు.
* దూరదర్శిని: 15 నుండి 25 సెం.మీ. వ్యాసం గల దర్పణ దూరదర్శిని, దానికి సీసీడీ లేదా సీమాస్ కెమెరా ఉంటే శాస్త్రీయమైన కొలతలు సాధ్యమవుతాయి.
* సాఫ్ట్‌వేర్: ఆస్ట్రోమెట్రికా వంటి ప్రోగ్రాములు చిత్రంలోని నక్షత్రాలను పట్టికతో పోల్చి శకలం స్థానాన్ని లెక్క కడతాయి.

రెండు చోట్ల నుండి దూరం కొలుచుట

రెండు ఊళ్ళలోని పరిశీలకులు ముందుగా అనుకొన్న ఒకే క్షణాన చిత్రాలు తీస్తే విద్యార్థులు సైతం గ్రహశకలం దూరాన్ని లెక్క కట్టవచ్చు. రెండు చిత్రాలలోని స్థానాల మధ్య కోణాన్ని డిగ్రీలలో కొలిచి, ఊళ్ళ మధ్య దూరాన్ని 57.3తో గుణించి, ఆ కోణంతో భాగించాలి. ఊళ్ళ మధ్య దూరం 370 కి.మీ., కోణం 0.35 డిగ్రీలు అయితే గ్రహశకలం సుమారు 60,600 కి.మీ. దూరంలో ఉన్నట్లు. ఊళ్ళను కలిపే రేఖ చూపుకు అడ్డంగా లేనపుడు, ఏటవాలును బట్టి ఊళ్ళ మధ్య దూరాన్ని తగ్గించి లెక్కలోకి తీసుకోవాలి.

నక్షత్రాచ్ఛాదనం

గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినపుడు ఆ నక్షత్రం క్షణకాలం మాయమవుతుంది. ఈ నీడ పడే సన్నని పట్టీలో వరుసగా నిలిచిన పరిశీలకులు మాయమైన, తిరిగి కనిపించిన క్షణాలను నమోదు చేస్తే గ్రహశకలం పరిమాణం, స్థానం చాలా సూక్ష్మంగా తెలుస్తాయి. 2021 మార్చి 7న అపోఫిస్ ఒక నక్షత్రాన్ని కప్పడాన్ని అమెరికాలోని ఔత్సాహికులు విజయవంతంగా నమోదు చేశారు. నక్షత్రం కనిపిస్తూనే ఉన్నదని నమోదు చేసినవారి పరిశీలన కూడా ఇందులో విలువైనదే, నీడ అంచు ఎక్కడ ఉన్నదో అది చెబుతుంది.

తెలుగునాట పూర్వచరిత్ర

తెలుగువారిలో ఔత్సాహిక ఖగోళ పరిశీలన పందొమ్మిదవ శతాబ్దం నాటికే ఉన్నది. విశాఖపట్నానికి చెందిన జమీందారు గోడే వెంకట జగ్గారావు (1817–1856) 1840లో తన నివాసంలో సొంత వేధశాలను నెలకొల్పాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) ఆ వేధశాలను అభివృద్ధి చేసి, ఆరు అంగుళాల దూరదర్శినిని సమకూర్చాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలోగా ఉంటూ తన పరిశీలనలను ఆ సంస్థకు పంపాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874 డిసెంబరు 9 నాటి శుక్రగ్రహ అంతర్యానాన్ని ఆయన పరిశీలించాడు. శుక్రుడు సూర్యబింబంపై అడుగుపెట్టిన క్షణాన్ని, వీడిన క్షణాన్ని భూమిపై వేర్వేరు చోట్ల నమోదు చేసి సూర్యుని దూరం కట్టడం ఆనాటి ప్రయత్నం. స్థలం, కాలం, లంబనం అనే ఈ మూడింటిపైనే నేటి గ్రహశకల పరిశీలన కూడా ఆధారపడి ఉన్నది. సూర్యుని దూరాన్ని తేల్చే ఇదే పనికి తరువాతి కాలంలో ఈరోస్ గ్రహశకలం ఉపయోగపడినది.

ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటి గ్రహశకలం 67 ఆసియా. దీనిని 1861 ఏప్రిల్ 17న మద్రాసు వేధశాలలో నార్మన్ పోగ్‌సన్ కనుగొన్నాడు. కోనసీమతో సహా ఆంధ్ర ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం.

హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పటం పథకంలో పాల్గొని లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు, హైదరాబాదులో పెరిగిన వేణు బాపు తరువాత భారత ఖగోళశాస్త్రానికి మార్గదర్శకుడైనాడు. 2596 సంఖ్య గల గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. తమిళనాడులోని కావలూరులో ఆయన పేరిట ఉన్న వేధశాల నుండి 1988 ఫిబ్రవరి 17న రాజమోహన్ బృందం 4130 రామానుజన్ అనే గ్రహశకలాన్ని కనుగొన్నది.

దిండి నుండి పరిశీలన

దిండి డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, మలికిపురం మండలంలో గోదావరి పాయ అయిన వశిష్ఠ ఒడ్డున ఉన్న గ్రామం. సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.8 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నది. నదికి ఆవల పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన చించినాడ ఉన్నది. రెండు ఒడ్డులను వంతెన కలుపుతున్నది. పర్యాటక శాఖ వారి హౌస్‌బోట్ల వలన ఈ గ్రామం ప్రసిద్ధి పొందింది.

కోనసీమలో పరిశీలకునికి మొదటి ఆటంకం కొబ్బరితోటలు. ఊరి లోపల నిలబడితే చెట్ల తలలు ఆకాశపు అంచును పూర్తిగా కప్పివేస్తాయి. తక్కువ ఎత్తులో ఉండే వస్తువులు కనిపించవు. దిండి వద్ద ఏటిగట్టు మీదికి వస్తే నది వెడల్పు కారణంగా పడమటి దిక్కు తెరచుకుంటుంది. అంతర్వేది వద్ద వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది కనుక సాగరతీరానికి వెళితే దక్షిణపు ఆకాశం అంచు వరకు లభిస్తుంది.

రెండవ ఆటంకం తేమ. నది, కాలువలు, చెరువులు, సముద్రం దగ్గరగా ఉండడం వలన రాత్రి గడిచేకొద్దీ కటకాలపై మంచు పేరుకుంటుంది. దూరదర్శిని మూతికి పొడవాటి గొట్టం వంటి తొడుగు వేస్తే కొంత మేలు. శీతాకాలంలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. వేసవిలో ఉక్కపోత వలన ఆకాశపు అంచు మసకబారుతుంది. మూడవది కాంతి. రొయ్యల చెరువుల గట్ల మీది దీపాలు, చమురు, సహజవాయు క్షేత్రాలలో మంటలు ఉన్నచోట ఆ దిక్కున ఆకాశం తెల్లబారుతుంది. పరిశీలన స్థలాన్ని పగటిపూట మాత్రమే గాక, ముందటి రాత్రులలో కూడా చూసి ఎంచుకోవడం మంచిది.

హౌస్‌బోటు నుండి కంటితో, చేతి బైనాక్యులర్లతో చూడవచ్చు. కదలే నీటిపై కెమెరా, దూరదర్శిని నిలువవు కనుక కొలతలకు గట్టినేలే శరణ్యం. రాత్రివేళ ఏటిగట్టుపై ఒంటరిగా ఉండకుండా, గ్రామస్థులకు ముందుగా తెలిపి బృందంగా వెళ్ళడం అవసరం.

2029లో అపోఫిస్

అపోఫిస్ (సంఖ్య 99942) గ్రహశకలాన్ని 2004 జూన్ 19న అమెరికాలోని కిట్ పీక్ వేధశాలలో రాయ్ టక్కర్, డేవిడ్ థోలెన్, ఫాబ్రిజియో బెర్నార్డి కనుగొన్నారు. దీని పరిమాణం సుమారు 340 మీటర్లు. 2029 ఏప్రిల్ 13న సార్వత్రిక కాలం 21 గంటల 46 నిమిషాలకు (భారత కాలమానం ఏప్రిల్ 14 తెల్లవారుజాము 3 గంటల 16 నిమిషాలు) ఇది భూమి ఉపరితలానికి సుమారు 32,000 కి.మీ. దూరంలో సాగుతుంది. ఇది భూమిని ఢీకొనదు. ఇంత పెద్ద శకలం ఇంత దగ్గరగా వస్తున్నదని ముందుగా తెలిసి మానవులు ఎదురుచూడడం ఇదే మొదటిసారి. ఐక్యరాజ్య సమితి 2029ని గ్రహశకల అవగాహన మరియు గ్రహరక్షణ అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది.

ఆ రోజు అపోఫిస్ ఆస్ట్రేలియా మీదుగా వచ్చి, హిందూ మహాసముద్రాన్ని దాటి, ఆఫ్రికా మీదుగా అట్లాంటిక్ మహాసముద్రానికి చేరుతుంది. అత్యంత సమీపానికి వచ్చే క్షణంలో అది అట్లాంటిక్‌పై ఉంటుంది. ఆ సమయానికి కోనసీమ వారికి అది క్షితిజానికి దిగువకు పోయి ఉంటుంది. కనుక పత్రికలలో ప్రకటించే 3 గంటల 16 నిమిషాల వరకు వేచి ఉన్నవారికి ఏమీ కనిపించదు. దిండి పరిశీలకులకు అనువైన వేళ దానికి ముందటి గంటలు. చీకటి పడిన తరువాత ఆగ్నేయ ఆకాశంలో మసక చుక్కగా మొదలై, దక్షిణ దిశను దాటి, రాత్రి గడిచేకొద్దీ వెలుగు పుంజుకుంటూ, అర్ధరాత్రి దాటిన తరువాత పడమటి దిక్కుకు దిగుతుంది. నదికి అభిముఖంగా ఉన్న గట్టు అప్పుడు ఉపయోగపడుతుంది.

ఆ రాత్రి అమావాస్య కనుక వెన్నెల ఆటంకం ఉండదు. గరిష్ఠ ప్రకాశం మూడవ పరిమాణానికి చేరినా ఆ వెలుగు ఆఫ్రికా, ఐరోపా వారికి దక్కుతుంది. కోనసీమలో అది కొంత మసకగా, అయినా చీకటి ప్రదేశాలలో కంటికి అందేటంతగా ఉండగలదు. ఏప్రిల్‌లో మబ్బులు, ఉరుములతో జల్లులు సాధ్యమే కనుక పరిశీలకులు రెండవ స్థలాన్ని కూడా సిద్ధం చేసుకోవడం మంచిది.

ఈ సమీపయానం వలన అపోఫిస్ అటెన్ వర్గం నుండి అపోలో వర్గానికి మారుతుంది. నాసాకు చెందిన ఒసిరిస్-అపెక్స్ నౌక సమీపయానం తరువాత దానిని చేరుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ రామ్సెస్ అనే నౌకను ముందుగానే దాని వద్దకు పంపడానికి సన్నాహాలు చేపట్టింది.

ప్రమాద సంభావ్యత, వదంతులు

కొత్త గ్రహశకలం గురించి మొదట ప్రకటించే ప్రమాద సంభావ్యత తరచుగా పెరిగి, ఆ తరువాత ఒక్కసారిగా తగ్గుతుంది. దీనికి కారణం సులభం. కొలతలు కొద్దిగా ఉన్నపుడు శకలం సాగగల దారి చాలా వెడల్పుగా ఉంటుంది. భూమి ఆ వెడల్పులో చిన్న భాగం. కొలతలు పెరిగేకొద్దీ ఆ పట్టీ సన్నబడుతుంది. భూమి ఇంకా దాని లోపలే ఉన్నంతవరకు భూమి వాటా పెద్దదవుతూ, సంభావ్యత పెరిగినట్లు కనిపిస్తుంది. పట్టీ భూమిని వదిలి పక్కకు జరగగానే అది సున్నాకు చేరుతుంది.

అపోఫిస్ విషయంలో 2004 డిసెంబరు 27న 2029 నాటి ప్రమాద సంభావ్యత 2.7 శాతానికి చేరింది. ఆంధ్ర తీరాన్ని సైతం తాకిన సునామీ దానికి ముందు రోజే సంభవించడంతో ఈ వార్త అంతగా ప్రచారం కాలేదు. అదే రోజున 2004 మార్చి నాటి పాత చిత్రాలలో అపోఫిస్ దొరకడంతో 2029 ప్రమాదం తొలగిపోయింది. 2021 మార్చి నాటి రాడార్ కొలతలతో కనీసం వంద సంవత్సరాల వరకు దీని వలన ప్రమాదం లేదని తేలింది.

2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ దూరదర్శిని కనుగొన్న 2024 వైఆర్4 విషయంలోనూ ఇదే జరిగింది. సుమారు 60 మీటర్ల ఈ శకలం 2032 డిసెంబరు 22న భూమిని తాకే సంభావ్యత 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరింది. అప్పటి లెక్కల ప్రకారం అది పడగల పట్టీ తూర్పు పసిఫిక్ నుండి దక్షిణ అమెరికా ఉత్తర భాగం, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా భారతదేశంతో సహా దక్షిణాసియా వరకు విస్తరించింది. వారం తిరగక ముందే కొత్త కొలతలతో భూమికి ప్రమాదం దాదాపు సున్నాకు పడిపోయింది. ఇటువంటి వార్తలు వచ్చినపుడు యుగాంతం వంటి వదంతులు వ్యాపించడం సహజం. వాటికి సమాధానం ఇచ్చేది మరికొన్ని రాత్రుల పరిశీలన మాత్రమే.

ముఖ్యమైన సమీపయానాలు

* 2008 అక్టోబరు 7: 2008 టీసీ3. సూడాన్‌పై వాతావరణంలో పేలింది.
* 2013 ఫిబ్రవరి 15: 2012 డీఏ14 (డుయెండె). 27,700 కి.మీ. దూరంలో సాగింది.
* 2020 ఆగస్టు 16: 2020 క్యూజీ. 2,950 కి.మీ. దూరంలో సాగింది.
* 2029 ఏప్రిల్ 13: అపోఫిస్. సుమారు 32,000 కి.మీ. దూరంలో సాగనున్నది.

ఇవి కూడా చూడండి

* గ్రహశకలం
* ఉల్క
* లంబనం
* నిజామియా వేధశాల
* అంకితం వెంకట నరసింగరావు
* దిండి
* కోనసీమ